‘చెవి శుభ్రం చేసుకుని...’: ఒక ఇయర్ డ్రాప్స్ లీఫ్‌లెట్ స్పానిష్‌లోకి వెళ్లిన తీరు

నా దగ్గరికి వచ్చింది రెండు పేజీల ఇంగ్లిష్ కాగితం. మందు డబ్బాలో సీసా పక్కన మడిచి పెడతారే, ఆ లీఫ్‌లెట్. మందు చెవిలో వేసుకునే చుక్కలు. తయారయ్యేది హైదరాబాద్ శివార్లలో, అమ్మేది మెక్సికో, పెరూ, కొలంబియాల్లో. మూడు దేశాలకూ ఒకే స్పానిష్ పాఠం చాలన్నారు. గడువు ఐదు రోజులు.

తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) స్పానిష్ చదువుకున్నప్పటి నుంచి నేను చేస్తున్నది ఈ పనే. మందుల కాగితాలంటే నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. నవలలో ఒక మాట అటూఇటూ అయితే పాఠకుడికి రుచి తగ్గుతుంది. ఇక్కడ అటూఇటూ అయితే ఎవరో ఒక తల్లి తన బిడ్డ చెవిలో పెట్టకూడనిది పెడుతుంది. స్పానిష్ చదివేవాళ్లకు మొదట్లోనే చెప్పే హెచ్చరిక ఒకటుంది. ఇంగ్లిష్‌లో ‘ఒకసారి’కి రాసే ‘వన్స్’ అక్షరాలనే స్పానిష్ వాళ్లు ‘ఒన్సే’ అని చదువుతారు, దాని అర్థం పదకొండు. రోజుకు ఒకసారి అన్న లేబుల్ రోజుకు పదకొండు సార్లుగా కనపడుతుంది. అది అందరికీ తెలిసిన గుంట కాబట్టి అందరూ తప్పుకుని నడుస్తారు. నేను ఇక్కడ రాస్తున్నది ఎవరికీ గుంటలా కనపడని మాట గురించి: ‘ఇయర్’.

ఆ రెండు పేజీల్లో ‘ఇయర్’ అనే మాట, జంట పదాల్లో వచ్చినవి కూడా కలిపి, 34 సార్లు ఉంది. కంపెనీ నాకు ఒక టర్మ్‌బేస్ కూడా ఇచ్చింది. ఏ ఇంగ్లిష్ మాటకు ఏ స్పానిష్ మాట రాయాలో ముందే నిర్ణయించి పెట్టుకున్న పట్టిక అది. అందులో ‘ఇయర్’ ఎదురుగా ఒక్కటే మాట: ‘ఒరేహా’. అంతకుముందు ఎవరో అనువాదకులు పెట్టి వెళ్లారు. పట్టికలో లేని మాట రాస్తే సాఫ్ట్‌వేర్ ఎర్ర గీత గీస్తుంది, ఎర్ర గీతలున్న ఫైల్‌ను కంపెనీ తీసుకోదు.

చిక్కు ఏమిటంటే స్పానిష్‌లో చెవికి రెండు మాటలున్నాయి, ఒకటి రాయాల్సిన చోట ఇంకొకటి రాయడానికి వీల్లేదు. ‘ఒరేహా’ అంటే బయటికి కనపడే చెవి. మన పాఠ్యపుస్తకాలు చెవి దొప్ప అంటాయి చూడండి, అది. పట్టుకోవచ్చు, మెలిపెట్టొచ్చు, కమ్మ పెట్టుకోవచ్చు. ‘ఒయీదో’ అంటే వినే చెవి: లోపలి గొట్టం, కర్ణభేరి, దాని వెనక ఉన్నదంతా, ఆ పైన వినికిడి శక్తి కూడా. చెవిపోటుకు ‘దొలోర్ దే ఒయీదో’ అంటారు. ‘దొలోర్ దే ఒరేహా’ అంటే చెవి తమ్మె దగ్గర దెబ్బ తగిలిందేమో అనుకుంటారు.

ఈ తేడా లాటిన్ నుంచే వచ్చింది. ‘ఒయీదో’ పుట్టింది ‘అవుదితుస్’ నుంచి, అంటే వినడం అనే క్రియ నుంచి. ‘ఒరేహా’ పుట్టింది ‘ఆవురికులా’ నుంచి, అంటే చిన్న చెవి, బుజ్జి చెవి. చెవికి అసలు లాటిన్ మాట ‘ఆవురిస్’, కానీ జనం నోట్లో ముద్దుపేరే నిలిచింది. పాతకాలపు లాటిన్ తప్పొప్పుల పట్టిక ఒకటుంది, అపెండిక్స్ ప్రోబి అని. అందులో ఎవరో పంతులు ‘ఆవురిస్ అనాలి, ఒరిక్లా అనకూడదు’ అని దిద్దాడు. ఆ దిద్దుబాటు ఎవరూ వినలేదు. ఆయన వద్దన్న ‘ఒరిక్లా’నే ఇవాళ్టి ‘ఒరేహా’ అయింది. నాకు ఈ పట్టికంటే ఎంతో ఇష్టం. ఒక మాట నోళ్లలో పడి మారుతూ ఉండగా పట్టుకున్న ఫోటోలా ఉంటుంది.

మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఈ రెండు మాటలూ నేను తెలుగుతోనే చెప్తాను. మనకూ ఇంగ్లిష్‌లాగే ఒకటే చెవి. అయినా మన నుడికారంలో రెండు చెవులున్నాయి. ‘ఆ సంగతి నా చెవిన పడింది’, ‘ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు’, ‘చెవిలో జోరీగలా’ అన్నప్పుడు అది ఒయీదో. ‘చెవి మెలిపెట్టాడు’, ‘చెవులు పట్టుకుని గుంజిళ్లు తీయించారు’ అన్నప్పుడు ఒరేహా. చివరన ‘చెవిలో పువ్వు పెట్టడం’ ఏది అని అడుగుతాను. అందరూ ‘లో’ విభక్తి చూసి ఒయీదో అంటారు. కానీ పువ్వు నిజంగా ఎక్కడ ఉంటుంది? చెవి దొప్పకూ తలకూ మధ్య మడతలో. అది ఒరేహా. వ్యాకరణం ‘లో’ అంటున్నా చెయ్యి వెళ్లేది పైకే. ఈ ప్రశ్న తప్పు చెప్పినవాళ్లు మళ్లీ ఎప్పుడూ తప్పు చెప్పరు.

స్పానిష్‌కు ఈ అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. మూలకు రెండు మాటలు: వీధి మలుపులో బయటి నుంచి కనపడే మూల ‘ఎస్కీనా’, గది లోపల చీపురు పెట్టుకునే మూల ‘రింకోన్’. నీళ్లలో ఈదే చేప ‘పేస్’, పట్టి బుట్టలో వేశాక ‘పెస్కాదో’. ఆ భాషలో పుట్టినవాళ్లకు ఇవి ఒక మాటకు రెండు రూపాలు కావు, రెండు వేరు వేరు వస్తువులు.

పని మొదలుపెట్టి 34 వరుసల పట్టిక వేశాను. ప్రతి వరుసలో ఇంగ్లిష్ వాక్యం, పక్కన ఒకే ఒక ప్రశ్న: ఈ వాక్యం చదివి రోగి చెయ్యి ఎక్కడికి వెళ్తుంది? నిఘంటువు ఏం చెప్తోందని అడగలేదు. నిఘంటువు రెండు మాటలూ ఇస్తుంది, చెయ్యి ఒక చోటికే వెళ్తుంది.

చాలా వరుసలు ఇట్టే తేలిపోయాయి. చుక్కలు వేసేది ఒయీదోలో. చీము కారేది ఒయీదో నుంచి, అది కనపడేది దొప్ప మీదైనా సరే, ఎందుకంటే బయల్దేరేది లోపలి నుంచి. చెవిలో హోరుకు ‘సుంబీదో’ అని ఉంది, తేనెటీగ చేసే చప్పుడుకూ అదే మాట, మన జోరీగ పక్కింట్లోనే ఉంటుంది. చుక్కలు లోపలికి దిగడానికి పెద్దవాళ్లకు చెవిని పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్ల లోపు పిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి, వాళ్ల చెవి గొట్టం వాలు వేరు. ఆ తర్వాత చెవి వదిలేయాలి. ఈ మూడు చోట్లా ఒరేహా. చెవి వెనక వాపు వస్తే డాక్టర్‌ను కలవండి అన్న చోటా, చెవి చర్మం మీద దద్దుర్లు అన్న చోటా ఒరేహానే.

సీసాను ముందు అరచేతిలో ఒకటి రెండు నిమిషాలు పట్టుకుని వెచ్చబరచాలని కూడా ఉంది. చల్లటి ద్రవం చెవిలో పడితే లోపలి సమతుల్య నాళాల్లోని ద్రవం కదిలి తల తిరుగుతుంది. ఈ వాక్యం చాలామంది ఎగరగొట్టేస్తారని తెలుసు కాబట్టి దీన్ని క్రియతో మొదలయ్యే పొట్టి వాక్యంగా చేశాను.

ఇక పన్నెండో వరుస. నేను రెండు రోజులు ఆగింది ఇక్కడే. ఇంగ్లిష్‌లో ఉన్నది ఇంతే: మందు వేసుకునే ముందు చెవి శుభ్రం చేసుకోండి.

టర్మ్‌బేస్ ప్రకారం ఒరేహా. నా పట్టికలో తక్కిన వాటి ధోరణి చూస్తే ఒయీదో, ఎందుకంటే మందు వెళ్లేది అక్కడికి. మా జూనియర్ ఒయీదో అనే రాసింది. ఆ అమ్మాయిది తప్పని అనను, పక్క వాక్యాలన్నీ అటే లాగుతున్నాయి. కానీ ‘లింపియే ఎల్ ఒయీదో’ అని చదివిన మనిషి ఏం చేస్తాడు? చెవి లోపల శుభ్రం చేస్తాడు. దేనితో? పెరూలో ‘ఇసోపో’, మెక్సికోలో ‘కొతొనేతే’, కొలంబియాలో ‘కొపీతో’. దూది చుట్టిన పుల్లకు మూడు దేశాల్లో మూడు పేర్లు, మూడూ ప్రతి ఇంటి స్నానాల గదిలోనూ ఉంటాయి. మన ఇళ్లలో అగ్గిపుల్లా పిన్నీసూ చేసే పనే అక్కడ అవి చేస్తాయి. అసలే వాచి పచ్చిగా ఉన్న చెవిలోకి ఆ పుల్ల దూరుతుంది, గుబిలిని కర్ణభేరి దాకా నెడుతుంది. మా అమ్మమ్మ కోడి ఈకతో చెవి తిప్పుకుంటుంటే కళ్లు మూసుకుని కూర్చునే పిల్లని నేను. ఆ వాక్యం చదవగానే ఆ ఈకే గుర్తొచ్చింది.

కంపెనీ మెడికల్ విభాగానికి రాశాను. మీ ఉద్దేశం చెవి లోపల శుభ్రం చేయడమా, బయటికి కారినదాన్ని తుడవడమా? రెండో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. “మేడం, బయట తుడుచుకోవడమేనండి. లోపల ఏదీ పెట్టకూడదు. ఇంగ్లిష్‌లో అది అర్థమైపోతుందని అనుకున్నాం.” అర్థం కాదని నేను అనలేదు. స్పానిష్‌లో నేను ఏదో ఒకటి తేల్చి రాయక తప్పదు, ఇంగ్లిష్‌కు ఆ అవసరం లేదు, అందుకే ప్రశ్న మీ దాకా వచ్చిందని చెప్పాను. చివరికి వాక్యం ఇలా అయింది: ఒరేహాను బయటి వైపు శుభ్రమైన తడి గుడ్డతో తుడవండి, ఒయీదో లోపల ఏ వస్తువూ పెట్టకండి. ఒక్క ఇంగ్లిష్ ‘ఇయర్’కు రెండు స్పానిష్ మాటలూ ఒకే వాక్యంలో వచ్చాయి. కంపెనీ తర్వాత ఇంగ్లిష్ మూలాన్ని కూడా అలాగే మార్చుకుంది.

అలాంటిదే ఇంకో చోట ఉంది. డ్రాపర్ కొన చెవికి తగలనీయకండి అని. బయట తగిలినా, లోపల తగిలినా కొనకు క్రిములు అంటుకుంటాయి. ఒకటే రాస్తే రెండోదానికి అనుమతి ఇచ్చినట్టవుతుంది. అక్కడా రెండూ రాశాను, వేళ్లను కూడా కలిపాను.

పద్దు తేల్చితే, ఒయీదో 18 చోట్ల, ఒరేహా 7 చోట్ల, ‘చెవికి సంబంధించిన’ అని చెప్పే ‘ఓతికా’ అనే విశేషణం 4 చోట్ల, చెవి గొట్టానికి ‘కొందుక్తో అవుదితీవో’ 3 చోట్ల, చెవి అన్న మాటే రాకుండా ఒట్టి గుబిలికి ‘సేరా’ అని 2 చోట్ల వచ్చాయి. రెండూ పడిన వాక్యాలను ఒరేహా కిందే లెక్కేశాను. దుష్ప్రభావాల పట్టికలో మాత్రం నా చెవీ చెయ్యీ లెక్కలు పనికిరావు. వాటికి మెడ్‌డ్రా అనే వైద్య పదకోశం స్పానిష్ ప్రతి ఉంది, అందులో ఎలా ఉంటే అలాగే రాయాలి.

అసలు గొడవ ఫైల్ ఇచ్చాక మొదలైంది.

ముందు టూల్. “అక్కా, 27 ఎర్ర గీతలు చూపిస్తోంది, క్వాలిటీ చెక్ దాటట్లేదు” అని జూనియర్ టెన్షన్ పడింది. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ ఒరేహా చేసేసి ఇచ్చేద్దాం, తర్వాత చూసుకుందాం అన్న సలహా కూడా వచ్చింది. అది అసలు కుదరదు. ఒయీదో పుంలింగం, ఒరేహా స్త్రీలింగం. ముందున్న ఆర్టికల్, వెనకున్న విశేషణం, తర్వాతి వాక్యంలోని సర్వనామం అన్నీ లింగాన్ని బట్టి మారతాయి. ‘ఎల్ ఒయీదో అఫెక్తాదో’, ‘లా ఒరేహా అఫెక్తాదా’. మాట ఒక్కటే మారిస్తే ‘ఎల్ ఒరేహా అఫెక్తాదో’ మిగులుతుంది. అలాంటి వాక్యం చూసిన ఫార్మసిస్ట్ కాగితం మొత్తాన్నీ నమ్మడు, నమ్మనక్కర్లేదు కూడా.

తర్వాత బ్యాక్ ట్రాన్స్‌లేషన్. నా స్పానిష్‌ను ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు, స్పానిష్ రాని కంపెనీ వాళ్లు అది చదివి సరిచూసుకుంటారు. మంచి పద్ధతే. కానీ ద్విభాషా నిఘంటువులు చాలావాటిలో ఒయీదోకు ‘ఇన్నర్ ఇయర్’ అని అర్థం ఇస్తారు. తిరుగు అనువాదంలో 18 చోట్లా అదే పడింది. రెగ్యులేటరీ విభాగం నుంచి ఘాటైన ఉత్తరం వచ్చింది: ఈ మందు బయటి చెవి గొట్టం వరకే, మీరు లోపలి చెవిలో పోయమని ఎలా రాస్తారు? వాళ్ల భయం న్యాయమైనదే. వైద్యంలో ఇన్నర్ ఇయర్ అంటే నత్తగుల్ల లాంటి కాక్లియా ఉన్న భాగం. దానికి స్పానిష్‌లో విడిగా ‘ఒయీదో ఇంతెర్నో’ అనే పేరుంది. ఒట్టి ఒయీదో అంటే రోగి భాషలో చెవి రంధ్రం నుంచి మొదలయ్యేదంతా. ఒక చెవి బొమ్మ గీసి, దొప్పకు ఒక రంగు, రంధ్రం నుంచి లోపలికి ఇంకో రంగు వేసి పంపాను. మూడు పేజీల వివరణ చేయలేని పని ఆ బొమ్మ చేసింది. ఇప్పుడు తిరుగు అనువాదకులకు కూడా ముందే ఆ బొమ్మ పంపుతున్నాను.

నా తప్పు కూడా ఒకటుంది. సీసా మూతకు నేను మొదట ‘తపోన్’ రాశాను. మాట తప్పు కాదు. కానీ స్పానిష్‌లో చెవిలో గడ్డకట్టిన గుబిలిని కూడా ‘తపోన్’ అంటారు. చుక్కలు వేశాక చెవిలో పెట్టుకునే దూది ఉండ ‘తపోన్ దే అల్గొదోన్’. నా మొదటి ప్రతిలో ఒకే పేజీలో మూడు తపోన్‌లు ఉన్నాయి, ‘వాడాక తపోన్‌ను తిరిగి పెట్టండి’ అన్న వాక్యం దూది గురించి చెప్పే వాక్యానికి సరిగ్గా కిందే ఉంది. సీసా మూతను ‘తాపా’గా మార్చాను. ఏ మాటకామాట విడిగా సరిగ్గా ఉందా అని చూసుకున్నాను కానీ పేజీలో పక్కన ఏముందో చూసుకోలేదు. చెవి మీదే ధ్యాసంతా పెట్టి మూతను వదిలేశాను.

డ్రాపర్‌కు ‘గోతేరో’ రాశాను, లాటిన్ అమెరికాలో అదే వాడుక. ఈ ఫైల్ రేపు స్పెయిన్‌కు వెళ్తే దాన్ని ‘క్వెంతాగోతాస్’ చేయాలి. అక్కడ గోతేరో అంటే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే సరంజామా. వినికిడి యంత్రానికి ‘అవుదీఫోనో’ పెట్టలేదు, మెక్సికోలో అది పాటలు వినే ఇయర్‌ఫోన్. ‘అపరాతో అవుదితీవో’ అన్నాను.

ఆఖరున పెరూ రాజధాని లిమాలో ఉన్న స్నేహితురాలి సాయం అడిగాను. వాళ్లమ్మగారికి డెబ్బై దాటాయి. వీడియో కాల్‌లో ఆవిడకు ఖాళీ చుక్కల సీసా చేతికిచ్చి, నా పాఠం చదువుతూ చెప్పినట్టే చేయమన్నాం. దొప్పను గుడ్డతో తుడిచారు, వెనక మడత కూడా తుడిచారు. పుల్ల కోసం వెతకలేదు. పైకి, వెనక్కి లాగారు. అంతా సవ్యంగా సాగుతుండగా ఒక చోట ఆగిపోయారు. చుక్కలు వేశాక చెవి రంధ్రం ముందున్న చిన్న బొడిపెను మెల్లగా నొక్కాలి. వైద్య స్పానిష్‌లో దాని పేరు ‘త్రాగో’. మామూలు స్పానిష్‌లో ‘త్రాగో’ అంటే గుక్క. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, “గుక్కను నొక్కడమేమిటమ్మా? ఇది తాగాలా?” అన్నారు. మన ‘త్రాగు’కూ దానికీ చుట్టరికం లేదు, అయినా నాకు ఒళ్లు ఝల్లుమంది. చెవి మందును గుటకేసే మాట నా చేత్తో రాశాను. శరీర శాస్త్రం ప్రకారం అది నిర్దోషమైన మాట. తీసేసి, ‘చెవి గొట్టం ముందు ఉన్న చిన్న బొడిపె’ అని ఐదారు మాటల్లో రాశాను.

ప్రింట్‌కు వెళ్లే ముందు ప్రూఫ్ నాకు చూపించాలని నేను ఒప్పందంలోనే రాయించుకుంటాను. డబ్బా మీద మందు వాడే మార్గం ‘వీయా ఓతికా’ అని ఉండాలి, అంటే చెవి ద్వారా. ప్రూఫ్‌లో ‘వీయా ఓప్తికా’ అని వచ్చింది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని స్పెల్‌చెక్‌కు ‘ఓతికా’ తెలియక మధ్యలో ఒక అక్షరం చేర్చింది. ‘ఓప్తికా’ అంటే కంటికి సంబంధించినది. లిమా వీధుల్లో కళ్లజోళ్ల దుకాణం బోర్డు మీద ఉండే మాట. చెవి మందు డబ్బా మీద అది ఉంటే తెలిసినవాళ్లు కూడా ఒక క్షణం కంటి వైపు చూస్తారు. సరిచేసి, ఆ ఒక్క వరుసకు స్పెల్‌చెక్ ఆపేయమని డిజైనర్‌కు చెప్పాను. అక్షరాలతో పాటు పక్కన చెవి బొమ్మ కూడా వేయమన్నాను, వేశారు.

టర్మ్‌బేస్‌లో ఇప్పుడు ‘ఇయర్’ ఎదురుగా రెండు వరుసలున్నాయి. ఒరేహా: చేత్తో పట్టుకునేది. ఒయీదో: మందు వెళ్లేది, నొప్పి పుట్టేది, వినేది. కింద నోట్: శుభ్రం చేయడం, తగలడం అనే క్రియలు వస్తే రాయకండి, ముందు అడగండి.

ఇదే మందు ఇప్పుడు బ్రెజిల్‌కు కూడా వెళ్తోంది. పోర్చుగీస్‌లోనూ ‘ఒరేల్యా’, ‘ఓవీదు’ అని రెండు మాటలున్నాయి. అక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. వైద్య పరిభాష లోపలా బయటా కలిపి మొత్తం చెవికి ‘ఒరేల్యా’ అనే అంటోంది, ఇంట్లో జనం మాత్రం చెవిపోటుకు ‘ఓవీదు’నే అంటారు. పోర్చుగీస్ నాకు రాదు. ఆ పని చేస్తున్న అమ్మాయికి నా 34 వరుసల పట్టిక, రెండు రంగుల బొమ్మ పంపి, పన్నెండో వరుసతో మొదలుపెట్టమని రాశాను.